డంక్ ద్వీపానికి తెరచాప పడవ

పిల్లలూ! ఆస్ట్రేలియా ఈశాన్యతీరాన మిషన్ బీచ్ అనే ఊరు వున్నది. అక్కడ అమ్మానాన్నలతో తెరచాప పడవ ఎక్కితే, సుమారు 4 కిలోమీటర్ల దూరాన డంక్ ద్వీపం చేరుకోవచ్చు. ఒకప్పుడు అక్కడి పెద్ద హోటలుకు సెలవుల్లో జనం తెగ వచ్చేవారు. 2011 ఫిబ్రవరిలో యాసి తుఫాను దెబ్బకు అది మూతపడింది. బంగాళాఖాతంలో లేచే మన తుఫాను గడియారపు ముళ్ళకు ఎదురుగా తిరుగుతుంది గదా. భూమధ్యరేఖకు దక్షిణాన లేచిన యాసి ముళ్ళు తిరిగే వైపే తిరిగింది!

హోటలు లేని రోజుల్లో, 1897లో, బాన్‌ఫీల్డ్ అనే పత్రికా రచయిత జబ్బుపడి, భార్యతో ఈ దీవికి వచ్చాడు. కోలుకుని, 1923లో చనిపోయేదాకా ఇక్కడే వున్నాడు.

పడవ దిగగానే హోటలు ఏదని వెతక్కండి, చెట్లకేసి చూడండి. హోటలువారు తమ గుర్తుగా పెట్టుకున్న యులిసిస్ సీతాకోకచిలుక ఈ అడవిదే. రెక్కలు విప్పితే నీలి మెరుపు, మూస్తే ఎండుటాకే!