అత్తమ్మ కాలం

జమ్మికుంటలో మా అత్తమ్మకు తారీఖులతో పనుండేది కాదు. "మీ మామ ఉన్నప్పుడు", "మీ మామ పోయినంక" - ఆమెకు రెండే కాలాలు. నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

మొన్న మా అబ్బాయి పాఠం చదువుతుంటే విన్నాను. భూగర్భ శాస్త్రజ్ఞులు కూడా కాలాన్ని సమానంగా కోయరట! రాతిపొరల్లో ఏ జీవి మాయమైంది, ఏది కొత్తగా వచ్చింది అని చూసి గీత గీస్తారట. మన గోదావరిఖని బొగ్గు పెర్మియన్ కాలానిది. సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం సముద్ర జీవజాతుల్లో చాలా భాగం నశించడంతో ఆ కాలం ముగిసింది. తర్వాతి ట్రయాసిక్ కాలానికి హద్దురాయి చైనాలో ఉంది. ఓ బుల్లి సముద్రజీవి శిలాజం మొదట కనబడే పొరను 2001లో హద్దుగా ఖాయం చేశారు.

నిరుడు అత్తమ్మ పోయింది. నిన్న పక్కింటావిడ ఆవకాయ జాడీ చూసి, "ఎప్పుడు కొన్నారండీ?" అంది.

"మా అత్తమ్మ ఉన్నప్పుడు" అన్నాను.

అన్నాక, ఈసారి నవ్వు రాలేదు.