పావు అంగుళం తేడా

ఉంగుటూరు మండలంలో లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా కాసేపు ఆలోచించాల్సిందే. హైవే దిగి, కాలువ గట్టు పట్టుకుని, చేపల చెరువులు దాటి ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు చేరాను. తండ్రి కాలం నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఆయన దగ్గరుంది. మాగ్నం తూటాకీ మామూలు తూటాకీ బలంలో తేడా ఎంతో తెలుసుకుందామని వెళ్లాను.

"తూటా సంగతి తర్వాత బాబూ, ముందు తుపాకి ఏది తట్టుకుంటుందో చూడాలి" అన్నారాయన. తుపాకి విరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనని నాకూ చూపించారు. గొట్టాలు ఊడదీసి బోర్లించి, నూనె గుడ్డతో తుడిచి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని వేలు పెట్టారు. బొద్దింక మీసమంత సన్నని చెక్కుడు: 2½. తూటా కూర్చునే గది పొడవు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పటి మామూలు తూటా 70. మాగ్నం 76.

మాగ్నంలో గుళ్లు వేగంగా పోతాయని చాలామంది నమ్మకం. అసలు బలం అక్కడ లేదు. మామూలు తూటాలో 32 గ్రాముల సీసపు గుళ్లుంటే, మూడంగుళాల మాగ్నంలో 53 గ్రాముల దాకా పడతాయి. వేగం మాత్రం రెంటికీ సెకనుకు 365 మీటర్ల దరిదాపుల్లోనే. ఆరో నంబరు గుళ్లయితే మామూలు దానిలో సుమారు మూడొందలు, మాగ్నంలో అయిదొందలు. విడిగా చూస్తే ఏ గుండు దెబ్బా పెరగదు, గుంపు చిక్కబడుతుంది. ఫుల్ చోక్, అంటే మూతి దగ్గర బాగా సన్నబడిన గొట్టం నుంచి 40 గజాల దూరాన, 30 అంగుళాల వలయంలో నూటికి డెబ్బై గుళ్లు పడాలని లెక్క. ఆ దూరం దాటి గుంపు పలచబడే చోట, గుళ్లు ఎక్కువున్న తూటా ఇంకొన్ని గజాలు పనికొస్తుంది. మాగ్నంకి ఇచ్చే అదనపు డబ్బు ఆ కొన్ని గజాలకే. భుజానికి మాత్రం గట్టిగానే తెలుస్తుంది. అదే బరువున్న తుపాకిలో వెనక్కి తన్నే శక్తి రెండింతలు దాటిపోతుంది.

మాస్టారు రెండు తూటాలు బల్ల మీద పెట్టి స్కేలు ఆనించారు. ఒకటి కాల్చనిది, పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీలో చేసిన శక్తిమాన్. రెండోది అలాంటిదే, కాల్చేసిన 70 డొల్ల. కాల్చనిదాని మూతి మడిచి ఉంటుంది గనుక 60 మిల్లీమీటర్లు కూడా లేదు. పేలాక మడత విచ్చుకుంటే 70. ప్రమాదమంతా ఈ మడతలోనే ఉంది. పొడుగు తూటా పొట్టి గదిలోకి ఇబ్బంది లేకుండా దూరిపోతుంది, తుపాకి మూసుకుంటుంది కూడా. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టం ఇరుకైన చోట అడ్డుపడుతుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. "లోపలికి పోయింది కదా అని కాల్చకూడదు. ఇది 65 తుపాకి, దీనికి 65 తూటాయే" అన్నారు. ఆ పక్కనే తెరిచి ఉంచిన లైసెన్సు పుస్తకంలో కొన్న తూటాలన్నీ తేదీలతో సహా రాసున్నాయి.

ఆయన చిన్నతనంలో చలికాలం వస్తే కొల్లేటి సరస్సులో పరజల, అంటే అడవి బాతుల, వేట పెద్ద సరదా. 1991 సవరణతో వన్యప్రాణి చట్టం వేట లైసెన్సులకు తెరదించింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. అమెరికా నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను దేశమంతటా నిషేధించిందీ 1991లోనే. అడుగున పడ్డ గుళ్లను బాతులు ఇసుక రవ్వలనుకుని మింగి, సీసం విషమెక్కి చచ్చేవి. సీసం బదులు ఉక్కు వాడాల్సి వచ్చింది. ఉక్కు తేలిక, దూరం పోయేసరికి వేగం చస్తుంది. అందుకని గుండు సైజు పెంచాలి, పెద్ద గుళ్లు పట్టాలంటే తూటా పొడవు పెరగాలి. మూడున్నర అంగుళాల మాగ్నం పుట్టుక వెనక ఉన్నది ఈ ఉక్కు లెక్కే. అంటే అక్కడ మాగ్నం పెరిగింది గొప్ప కోసం కాదు, లోహం మారినందుకు. మన దగ్గర ఆ లెక్కతో పనే పడలేదు, వేటే ఆగిపోయింది.

వేట ఆగినా పక్షులతో పేచీ ఆగలేదు. కొల్లేటి ఒడ్డున ఆటపాక వైపు గూళ్లు కట్టే గూడబాతులు చేపల కోసం చెరువుల మీద వాలతాయి. నేనున్నప్పుడే పక్క చెరువు రైతు ఒకాయన వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "మాస్టారూ, మాగ్నం అయితే ఒక్క దెబ్బకి పోతాయంట గదండీ?"

"పక్షి పోతుందో లేదో గానీ నువ్వు జైలుకి పోతావురా. చెరువు మీద తాళ్లు అడ్డంగా కట్టుకో" అని, మాస్టారు గొట్టాలు తగిలించి తుపాకిని బీరువాలో పెట్టేశారు. రైతు మాత్రం తాళ్ల ఖర్చు లెక్క మొదలెట్టాడు, ఎకరానికి ఎంతవుతుందో.