ఐ త్రీ చాలదా?

ఇంజనీరింగ్ సీటు వచ్చిన ఇంట్లో ఇప్పుడు ఒకటే మాట: "నాన్నా, ఐ సెవెన్ కంప్యూటర్ కావాలె." నిజాంసాగర్ నుంచి బాన్సువాడకో కామారెడ్డికో పోయిన తండ్రికి ఆ ఏడు అంకె చూపిస్తే చాలు, బేరం కుదిరిపోతుంది. ఇచ్చేవి వడ్లు అమ్మిన పైసలు. అందుకే ఆ అంకె మీద నాకు కోపం.

ఐ త్రీ, ఐ ఫైవ్, ఐ సెవెన్ అనేవి ఇంటెల్ ప్రాసెసర్ల పేర్లు; ఒకే తరం చిప్పుల్లో చిన్నదేదో పెద్దదేదో చెబుతాయి, అంతే. తరం చూడకపోతే ఆ అంకెకు విలువ లేదు. 2013లో వచ్చిన ఐ7-4770కి నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ3-12100కీ నాలుగే. అయినా ఈ ఐ త్రీ ఆ ఐ సెవెన్‌ను తేలిగ్గా దాటిపోతుంది, కరెంటూ తక్కువే తాగుతుంది. పైగా ఆ పాత చిప్పుకు విండోస్ 11 జాబితాలో చోటు లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో "ఐ సెవెన్, చవక" అంటే గీత తర్వాతి అంకెలు అడగండి. 4770 నాలుగో తరం, 12100 పన్నెండో తరం. ఎనిమిదికి లోపుదైతే వద్దనండి.

తర్వాత చూడాల్సింది పని. మీసేవ దరఖాస్తులు, భూభారతి, టైపింగ్, పిల్లల కోడింగ్ పాఠాలు... వీటికి కొత్త తరం ఐ త్రీ హాయిగా సరిపోతుంది. ఇక్కడ యంత్రం నత్తనడక నడిచిందంటే తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు. 1931లో మంజీరపై పూర్తయిన మన నిజాంసాగర్ ఎంత నిండినా, కాలువ పూడుకుపోతే చివరి మడికి తడి అందదు. నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ పక్కన ఐ సెవెన్ పెట్టడమూ అంతే. మిగిల్చిన డబ్బుతో పదహారు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ కూడా.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో సంగతి వేరు. అక్కడ కోర్లు ఎన్ని ఉంటే అంత త్వరగా పని తెములుతుంది. ఆరు కోర్ల ఐ ఫైవ్ గానీ దాని పోటీదారు రైజన్ 5 గానీ మొదటి మెట్టు. ఆటోక్యాడ్ డ్రాయింగులు గీసేవారికి మాత్రం కోర్ల లెక్క కంటే ఒక్కో కోర్ వేగం ముఖ్యం.

ఇంటెల్ నంబరు చివర ఎఫ్ ఉందేమో కూడా చూడండి. ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు కొనాల్సిందే. రైజన్‌లో 5600జీకి గ్రాఫిక్స్ ఉంది, 5600కి లేదు. ధరలో కాస్త తేడా చూసి ఎఫ్ తీసుకుని, ఇంటికొచ్చాక తెర వెలగక మళ్లీ దుకాణానికి బస్సెక్కడం ఎందుకు?

కొనే ముందు కాలేజీలో ఏయే సాఫ్ట్‌వేర్లు వాడతారో కాగితం మీద రాయించుకుని దుకాణానికి తీసుకెళ్లండి. బిల్లు మీద "ఐ సెవెన్" అని రాస్తే ఒప్పుకోకండి. ప్రాసెసర్ పూర్తి నంబరు రాయించాకే డబ్బు ఇవ్వండి.