మూసిన గేటుకి అవతల

2024 మార్చి 1, శుక్రవారం సాయంత్రం కాలిఫోర్నియాలో ఐ-80 రహదారిని కోల్‌ఫాక్స్ దగ్గర్నుంచి నెవాడా సరిహద్దు దాకా మూసేశారు. గేటు పడే సమయానికి మేము ఆరుగురం దానికి పైన, కొండ మీద ఉన్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నల్లగొండ నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మా నాన్నా.

వెళ్తున్నది టాహో సరస్సు దగ్గరున్న పాలిసేడ్స్‌కి. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన చోటు అది. పక్కపక్క లోయలు రెండింటిని 2022 డిసెంబర్‌లో గొండోలాతో కలిపాక మొత్తం ఆరు వేల ఎకరాల రిసార్ట్ అయింది. మేముండే ఫ్రీమాంట్ నుంచి మామూలు రోజున నాలుగు గంటల్లో చేరతాం. మా కాలనీలో తెలుగువాళ్ళ పిల్లలందరికీ స్కీయింగ్ వచ్చు. మా వాళ్ళకే రాదు.

తిరుమలలో దర్శనం టికెట్లూ గదీ మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పట్టుకున్నవాళ్ళకి ఈ స్కీ ప్రయాణపు ఏర్పాట్లు కొత్తగా అనిపించవు. ఆ రోజు గేటు దగ్గర కొంటే టికెట్ రెండు వందల డాలర్లు దాటుతుంది కాబట్టి పాసులు శరదృతువులోనే కొనాలి. పిల్లల స్కీ స్కూల్లో శనివారం చోటు కావాలంటే ఇంకా ముందే. బూట్లూ స్కీలూ అద్దెకి, వాటికి పాదాల కొలతలు. తడవని ప్యాంట్లు. ఆ ఏడాది నుంచి శని ఆదివారాల్లో కారు ఆపుకునే చోటుకి కూడా రిజర్వేషన్ పెట్టారు. నాన్నకి స్కీలతో పనిలేదు, ట్రామ్ ఎక్కి పైన 8,200 అడుగుల ఎత్తులో ఉన్న హైక్యాంప్ దాకా పోయి మంచు మీద నాలుగడుగులు వేస్తే చాలన్నాడు. అందుకోసం నల్లగొండ నుంచే మంకీ క్యాప్ తెచ్చుకున్నాడు.

వీటన్నిటికీ డబ్బు ముందే కట్టాం. కట్టినదాంట్లో చాలా భాగం తిరిగి రాదు. లోయలో మేం తీసుకున్న క్యాబిన్ నియమం ఇంకా చిత్రంగా ఉంది. ప్రభుత్వం రోడ్డు మూసేస్తే డబ్బు వాపసు, తెరిచి ఉంటే లేదు. గురువారం తుఫాను హెచ్చరిక వచ్చింది. పైన పది అడుగుల దాకా మంచు పడొచ్చు, ప్రయాణాలు మానుకోండి అని. మా ఆయన క్యాబిన్ యజమానికి ఫోన్ చేశాడు. రోడ్డు తెరిచే ఉందిగా అన్నారు అవతల. శుక్రవారం పొద్దున చూస్తే నిజంగానే తెరిచే ఉంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏం కాదు, చైన్లు వేసుకుంటే చాలు అన్నారు నలుగురు. వాళ్ళలో ఇద్దరు ఆ వారమే బయలుదేరుతున్నారు. ఈ ఏర్పాటంతా ఎలా అమర్చారో ఆ రాత్రి కారులో కూర్చుని నాకు బాగా అర్థమైంది. వద్దని హెచ్చరించేది ఒకరు, వెళ్ళకపోతే డబ్బు పోతుందనేది ఇంకొకరు. రోడ్డు మీద జనం రెండోవాళ్ళ మాట విని వచ్చినవాళ్ళే.

పదకొండుకి బయలుదేరాం. శాక్రమెంటో దాటేదాకా వానే. ఆబర్న్ దగ్గర పెట్రోలు నిండా పోయించాం. పసిఫిక్ మీది నుంచి వచ్చే తడిగాలి సియెర్రా కొండల్ని ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడే మంచుగా దించేస్తుంది. డోనర్ సమ్మిట్ చుట్టుపక్కల ఏడాదికి సగటున 30 అడుగుల మంచు పడుతుంది. బ్లూ కాన్యన్ వచ్చేసరికి వాన కాస్తా మంచయింది. కాసేపటికి చైన్ల తనిఖీ. నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండికి మంచు టైర్లు ఉంటే వదిలేస్తారు, మిగతావాళ్ళు చైన్లు వేసుకోవాల్సిందే. మాది ముందు చక్రాలతో నడిచే మినీ వ్యాన్. పసుపు కోట్లు వేసుకుని, ప్రభుత్వం ఇచ్చిన నంబరు బిళ్ళ పెట్టుకుని చైన్లు తగిలించేవాళ్ళు రోడ్డు పక్కన ఉంటారు. వాళ్ళు తగిలిస్తారంతే, చైన్లు అమ్మరు. మావి మా దగ్గరున్నాయి. ఆయన మోకాళ్ళ మీద మంచులో కూర్చుని పది నిమిషాల్లో వేసేశాడు. అక్కడున్న అధికారి చక్రాలు చూసి పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత గంటకి నలభై కిలోమీటర్లు. కాసేపటికి ఇరవై. కింగ్‌వేల్ దాటాక ముందు బండి వెనక లైట్లు కనిపించడం మానేశాయి. మంచు పైనుంచి పడట్లేదు, గాలికి అడ్డంగా పోతోంది. రోడ్డు ఎక్కడో, అంచు ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలీదు. ఎవరో ముందు జారి అడ్డం తిరిగారు, వాళ్ళ వెనకవాళ్ళు ఆగారు, మేమూ ఆగాం. ఇంకో గంటకి చీకటి పడింది. 911కి ఫోన్ కలిసింది. బండి దిగొద్దు, రోడ్డు మూసేశాం, వస్తాం, ఎప్పుడో చెప్పలేం అన్నారు.

చలి గురించి రాయాలంటే ముందు పొగ గురించి రాయాలి. హీటర్ కావాలంటే ఇంజిన్ నడవాలి. ఇంజిన్ నడిచేటప్పుడు వెనక పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుని ఉంటే ఆ పొగ బండిలోకే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకని గంటకి పది నిమిషాలే ఇంజిన్. ప్రతిసారీ ముందు ఆయన దిగి గొట్టం చుట్టూ చేతులతో తవ్వాలి. గాలి తగలని వైపు అద్దం కొంచెం దించి ఉంచాలి. దిగినప్పుడల్లా తలుపు పట్టుకునే నడిచేవాడు, రెండు బారలు పక్కకి పోతే బండి కనబడదు. తిరిగొచ్చేసరికి కనుబొమల మీద మంచు. ఆరుగురి ఊపిరి అద్దాలకి లోపలివైపు గడ్డకట్టింది. పెద్దది గోటితో దాని మీద పేరు రాసింది.

పెద్దది నాలుగో తరగతి. ఇక్కడ ఆ తరగతిలో కాలిఫోర్నియా చరిత్ర చెప్తారు. "ఇది డోనర్ పార్టీ వచ్చిన చోటే కదా?" అంది. 1846లో బండ్ల మీద వచ్చిన 80 మందికి పైగా ఈ కనుమ కింద మంచులో చిక్కుకుపోయి, దాదాపు సగం మంది చచ్చిపోయిన కథ. వాళ్ళు చివరికి ఏం తిన్నారో కూడా దానికి తెలుసు. చెల్లెలికి చెప్పబోతుంటే నోరు మూశాను. అమ్మకి ఇంగ్లీషు రాకపోవడం ఆ పూటకి మేలే అయింది.

తిండికి కొదవ లేదు. చపాతీలు, పులిహోర, సకినాలు, ఖర్జూరాలు, ఫ్లాస్కులో చాయ్. ఇబ్బందల్లా ఒంటికి పోవడం. ఆయన దిగి వెళ్ళొచ్చాడు. పిల్లలకి డబ్బా సరిపోయింది. అమ్మ మాత్రం సాయంత్రం నుంచీ నీళ్ళు ముట్టలేదు. నాకు తెలియనివ్వలేదు. చివరికి ఆ గాలిలో దుప్పటి అడ్డం పట్టుకుని తలుపు పక్కనే కూర్చోబెట్టాను. దుప్పటి చేతుల్లోంచి ఎగిరిపోయింది. మళ్ళీ దొరకలేదు.

నాన్నకి షుగరు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్. ఒకసారి గడ్డకడితే ఆ మందు పనికిరాదు కాబట్టి పెన్నుని చొక్కా లోపల, చంక కింద పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే ఎనిమిదింటికి సూది వేసుకుని చపాతీ చేతిలోకి తీసుకున్నాడు. తిన్నది సగమే. మిగిలింది పిల్లలకి ఉండనీ అని మళ్ళీ డబ్బాలో పెట్టేశాడట. ఆ సంగతి మాకెవరికీ తెలీదు. అర్ధరాత్రి దాటాక అమ్మ నన్ను తట్టింది. "బిడ్డా, మీ నాయినకు చెమటలు వడ్తున్నయ్. ఇంత చలిల చెమటలేంది?"

మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. షుగరు చూసే మిషను తీస్తే నంబరు చూపించదు, చలి ఎక్కువైందన్న గుర్తు చూపించి ఆగిపోతుంది. దాన్ని బనీను లోపల పెట్టుకుని వెచ్చబడేదాకా కూర్చున్నాను. అప్పటిదాకా ఆగకూడదని పిల్లల పళ్ళరసం డబ్బా గడ్డం పట్టుకుని తాగించాను. సగం మంకీ క్యాప్ మీద పోయింది. మిషను పనిచేశాక చూస్తే 52. ఇంకో డబ్బా. పావుగంటకి 71. ఆ పావుగంటలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఖర్జూరాలు తిన్నాక నన్ను నా పేరుతో పిలిచి, "లైట్ బంద్ చెయ్, బ్యాటరీ పోతది" అన్నాడు.

మా పక్క వరుసలో ఒక పెద్ద లారీ ఆగి ఉంది. మా ఆయన గొట్టం తవ్వడానికి దిగినప్పుడల్లా దాని డ్రైవరు టార్చి వేసి చూసేవాడట. నాన్నకి అలా అయ్యాక వెళ్ళి లారీ తలుపు కొట్టాడు. దిగినాయన సర్దార్జీ. కాలిఫోర్నియా రోడ్ల మీద లారీ నడిపేవాళ్ళలో పంజాబీలు చాలామంది. పెద్ద లారీల్లో సీటు వెనక పడుకోవడానికి చిన్న గదిలాంటిది ఉంటుంది, దానికి విడిగా హీటరు. దాన్ని నడపాలంటే ఇంజిన్ వేయక్కర్లేదు. వాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకుని నాన్నని మోసినట్టే తీసుకుపోయి పైకెక్కించారు. తర్వాత పిల్లల్ని, అమ్మని. మేమిద్దరం వ్యాన్‌లోనే ఉండిపోయాం. ఒకరు మేలుకుని ఉండాలి, ఒకరు తవ్వాలి.

లారీలో ఏం జరిగిందో అమ్మ చెప్తే తెలిసింది. నాన్న ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యాడు, ఉర్దూ బాగా వచ్చు. ఇద్దరూ తెల్లారేదాకా బండ్ల గురించే మాట్లాడుకున్నారట, ఇంజిన్లు, డీజిలు ధర, ఓవర్‌టైము. చిన్నది సర్దార్జీ ఒళ్ళో నిద్రపోయింది. నాన్నకి గంటకోసారి షుగరు చూడమని అమ్మకి చెప్పి పంపాను. చదువు రాని మనిషి, అంకెలు మాత్రం గుర్తుపెట్టుకుని పొద్దున నాకు వరసగా అప్పజెప్పింది.

వెలుతురు వచ్చినా పెద్ద తేడా లేదు, నల్లది తెల్లదయిందంతే. వ్యాన్ ఒక పక్క అద్దం పైదాకా మునిగిపోయింది. ఎంతసేపటికో మంచు తోసే బండి ఒకటి, దాని వెనక హైవే పోలీసు వాహనం వచ్చాయి. ఒక్కో కారు చుట్టూ తవ్వి, కదలగలిగినవాటిని వరుసలో పెట్టి, తమ వెనకే రమ్మన్నారు. మా వ్యాన్ స్టార్టయింది. నాన్నకి చక్కెర వ్యాధి అని చెప్తే ఆ అధికారి మమ్మల్ని మంచు తోసే బండికి సరిగ్గా వెనక పెట్టాడు. లారీలు ఉన్నచోటే ఉండాలి. సమ్మిట్ ఎక్కి దిగి ట్రకీ ఊరు చేరడానికి ఎంత పట్టిందో నేను గడియారం చూడలేదు. ఆయన చేతివేళ్ళు స్టీరింగు మీద నుంచి నేనే విడిపించాను.

ట్రకీలో ఒక హోటల్ వాళ్ళు లాబీలో పరుపులు వేశారు. మాలాంటివాళ్ళు చాలామంది. అక్కడి టీవీలో తెలిసింది, శనివారం పాలిసేడ్స్‌లో ఒక్క లిఫ్టూ తిరగట్లేదని. కొండ కొసన గంటకి 160 కిలోమీటర్లు దాటిన గాలులు వీచాయి. మేము ఏ చోటుకి డబ్బు కట్టామో ఆ చోటు కూడా మూసే ఉంది. స్కీ స్కూలు డబ్బు, పార్కింగు డబ్బు వాళ్ళు వాపసు ఇచ్చేశారు. క్యాబిన్ యజమానికి రాస్తే, శుక్రవారం మధ్యాహ్నం గదిలో దిగే సమయానికి రోడ్డు తెరిచే ఉందని జవాబు వచ్చింది. నియమం ప్రకారం ఆయన అన్నది నిజమే. ఇంకో ఉత్తరం రాయలేదు మేము.

ఆదివారం కూడా రోడ్డు తెరవలేదు. నాన్న ట్రకీ మందుల షాపులో కొత్త ఇన్సులిన్ పెన్ను కొనిపించుకున్నాడు, చంకలో పెట్టుకున్నది గడ్డకట్టకపోయినా నమ్మకం లేదని. హోటలు వాకిట్లో మంచు మీద నాలుగడుగులు వేశాడు, ఫొటో తియ్యమన్నాడు.

సర్దార్జీ నంబరు మా ఆయన రాసుకున్నాడు. ఇల్లు చేరాక నాన్నే ఫోన్ చేశాడు. రోడ్డు తెరిచాక గానీ ఆయన లారీ కదల్లేదట. ఆ సరుకు శనివారం పొద్దున్నే రీనోలో దిగాల్సింది, తుఫానని తెలిసినా అందుకే బయలుదేరాడట. ఆలస్యానికి కోత ఎంత పడిందని నాన్న రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆయన మాట మార్చి, చిన్నది ఎలా ఉందని అడిగాడు.