దాచిన తలనొప్పి

మా పెద్దన్నగారు అమెరికాలోని టెక్సాసున ఇంజనీరుగా నున్నారు. ఆదివారములందు నలుగురు కూర్చుండదగిన చిన్న విమానమును అద్దెకు దీసికొని తామే నడుపుచు వినోదింతురు. ఆ మాట తలపునకు వచ్చినపుడెల్ల, బాల్యమున నాయనగారు నాచే జదివించిన రామాయణములోని సంపాతి కన్నులయెదుట నిలుచును. సూర్యునిదాక నెగిరి ఱెక్కలు మాడ్చుకొన్న పక్షి గదా!

2016వ సంవత్సరము దీపావళినాడు వదినగారు టెలిఫోనులో కంటతడి పెట్టిరి. అన్నగారికి నెలల తరబడి తలనొప్పి. వైద్యుని కడకు బొమ్మన్న బోరు. కారణమేమనగా, నలువదియేండ్లు దాటిన విమానచోదకుడు రెండేండ్ల కొకమాఱు ప్రభుత్వము నియమించిన వైద్యునిచే బరీక్ష చేయించుకొనవలయును. గడచిన మూడేండ్లలో నే వైద్యుని జూచినదియు పత్రమున వ్రాయవలయును. వ్రాసిన ననుమతి నిలిచిపోవునేమో యని వారి భయము. కావున వైద్యునే చూడకుండుట మేలని తలచిరి!

2017 మే 1వ తేదీ నుండి అచట "బేసిక్‌మెడ్" అను క్రొత్త నియమము అమలునకు వచ్చినది. 2006 జులై 14 తరువాత ఒక్కమాఱైన పాతయనుమతి పొందియున్నవారు, నాలుగేండ్ల కొకమాఱు తమ యింటివైద్యునిచే బరీక్ష చేయించుకొని, రెండేండ్ల కొకమాఱు కంప్యూటరుపై ఆరోగ్యపాఠమును జదివిన జాలును. పరీక్షాపత్రము శాఖకు బంపబనిలేదు, తమకడనే భద్రపఱచుకొనవలయును. గుండె, మెదడు, మనస్సులకు సంబంధించిన కొన్ని పెద్దవ్యాధులు గలవారు మాత్రము ఒకమాఱు శాఖవారి ప్రత్యేకానుమతి పొందవలసినదే. కూలికి విమానము నడుపువారికి ఈ వెసులుబాటు లేదు.

ఇది విని, "ఆకాశమున దిరుగువారికి కట్టుబాట్లు సడలింపవచ్చునా?" యని మావారితో వాదించితిని. వారు ఉపాధ్యాయులు. నవ్వి, "తనిఖీ అధికారి వచ్చిననాడు పిల్లలందఱును లెక్కలు వచ్చినట్లే తలలూపుదురు. ఆయన బండి కదలగానే, 'అయ్యా, ఇది నాకు రాదు' అని నా దగ్గఱకు వత్తురు" అనిరి.

అట్లే జరిగినది. అన్నగారు ఇంటివైద్యునికి దాపఱికము లేక చెప్పుకొనిరి. రక్తపుపోటు హెచ్చుగా నున్నదని మందిచ్చి, అది కుదుటబడువఱకు విమానమెక్కవలదని యాయన యనెను. అన్నగారు రెండు నెలలు నేలపైననే యుండిరి. చేత పత్రమున్నను, ఒంట బాగులేదని తనకు దెలిసినవాడు విమానము నడుపరాదన్న నియమము అచట నెప్పుడును గలదు. ఆ కావలి మనిషి మనస్సునందే యుండవలయును. 2024లో చేసిన చట్టముచే ఈ వెసులుబాటు 6,000 పౌండ్ల విమానముల నుండి 12,500 పౌండ్ల విమానముల వఱకు విస్తరించినది.

సోదరీమణులారా! దాచుట పురుషులకే చెల్లినది కాదు. చెల్లెలి పెండ్లికి బోనీయరని జ్వరమును కొంగుక్రింద దాచి రైలెక్కినదానను నేను. వెఱపించువానికి రోగమును దాచుదుము, నమ్మినవానికి జెప్పుదుము.

అయినను, నియమము సడలినది గాని వదినగారి భయము సడలలేదు. అన్నగారు విమానము దిగువఱకు ఆమె నేటికిని కాఫీ ముట్టరు.