ట్రైనింగ్ సారు, ఫోను, చిటికెడు పసుపు

 

మన బడికి బి.ఎడ్. చదివేవాళ్లు పాఠాలు చెప్పడానికి వస్తారు కదా. వాళ్లను మనం ట్రైనింగ్ సార్లు అంటాం. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ల చదువు అయింది. అందులో 20 వారాలు బడిలో పనిచెయ్యాలి.

ఈసారి వచ్చిన సైన్స్ సారు చాలా మంచివారు. ఎవర్నీ కసరలేదు. పాఠ్యపథకం మాత్రం ఫోనులో కృత్రిమ మేధను అడిగి రాసుకునేవారు. అడగ్గానే లక్ష్యాలు, ప్రశ్నలు, కృత్యాలు గబగబా వచ్చేసేవి. మేం నోరు తెరుచుకొని చూసేవాళ్లం.

ఒకరోజు ‘ఆమ్లాలు, క్షారాలు’ పాఠం. వాళ్ల కాలేజీ మేడం మార్కులు వెయ్యడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. సారు చార్టు తగిలించారు. ‘పసుపు కాగితం ఆమ్లంలో ఎర్రబడును, క్షారంలో మారదు’ అని ఉంది.

నా గుండె గుభేలుమంది. కాలు బెణికితే మా అమ్మమ్మ పసుపులో సున్నం కలిపి పట్టు వేస్తుంది. కలపగానే ఎర్రగా అయిపోతుంది. సున్నం క్షారమే కదా! చింతపండు పులుసులో పసుపు వేస్తే ఎప్పుడైనా ఎర్రబడిందా? పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నేను లేవలేదు. సారు మార్కులు పోతాయని భయం. అందరం ఆ తప్పునే నోట్సులో ఎక్కించుకున్నాం.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో పాఠ్యపుస్తకం తీసి చూశాను. అమ్మమ్మ పక్షమే ఉంది. మర్నాడు వరండాలో సారుతో మెల్లగా చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. వంటగదిలోంచి పసుపు, నిమ్మకాయ, సబ్బుముక్క తెప్పించారు. కాగితానికి పసుపు రాసి సబ్బునీళ్లు వేశారు, ఎర్రబడింది. దానిమీదే నిమ్మరసం పిండారు, మళ్లీ పచ్చబడింది. క్లాసుకొచ్చి చార్టు కొట్టేసి, “నిన్న నేను తప్పు చెప్పాను” అన్నారు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

తర్వాత ఇలా వివరించారు. ఆ యంత్రం పసుపును ఎన్నడూ ముట్టలేదు. కోట్ల మాటలు నేర్చుకొని, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి చెప్తుంది. అందుకే తప్పును కూడా ఒప్పంత గట్టిగా చెప్తుంది. రికార్డు ఎలా రాయాలో తమకు కాలేజీలో నేర్పారు గాని దీన్ని ఎలా సరిచూడాలో ఎవరూ నేర్పలేదట. టీచర్లకు దీని గురించి ఏమేం తెలియాలో యునెస్కో 2024లో 15 సామర్థ్యాలుగా రాసింది. అవి కాగితం మీద ఉంటే చాలదు. ట్రైనింగులోనే, క్లాసుకు రాకముందే ప్రతి కృత్యాన్నీ చేత్తో చేసి చూసే అలవాటు చేయించాలి.

ఎందుకంటే హాస్టల్లో మన దగ్గర ఫోన్లు లేవు. సారు ఫోనులో వచ్చిన తప్పు మన నోట్సులోకి, అక్కణ్ణించి పరీక్ష పేపర్లోకి పోతుంది. మనకున్నవి పుస్తకం, మన చెయ్యి, మన ఇంట్లో పెద్దల అనుభవం.

నా తప్పు కూడా ఒప్పుకుంటున్నాను. ఆ రోజు ఊరుకోవడం గౌరవం అనుకున్నాను. అది పిరికితనం. నేనూ సైన్స్ టీచరు కావాలనుకుంటున్నాను. అప్పుడు నా క్లాసులో ఎవరైనా లేచి “కాదు సార్” అంటే ముందు పసుపు తెప్పిస్తాను.

— 10వ తరగతి విద్యార్థి