ఒకటి ఇస్తే రెండు ఎలా వస్తుంది?



ఆరో తరగతి నుంచి పది వరకు ఐదేళ్లు మన హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం, ఎలక్ట్రానిక్స్ స్పెషల్. అమ్మానాన్న కూలి పనికి వెళతారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. సంచికకు ఏదైనా రాయమంటే నేను తలవంచుకున్న ఒక రోజు గురించే రాయాలనిపించింది.

మొదటి సంవత్సరం ల్యాబులో డయోడ్ ఫ్రీక్వెన్సీ డబ్లర్ ప్రయోగం. 1 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చి 2 మెగాహెర్ట్జ్ తీయాలి. సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు, చివర కాయిల్, కెపాసిటర్ కలిపిన ట్యూన్డ్ సర్క్యూట్. పుస్తకంలో ఉన్నట్టే కలిపాను. సి.ఆర్.ఓ. తెర మీద రావలసిన తరంగం రాలేదు. మేడమ్ గారు వచ్చి ఇంగ్లిషులో అడిగారు, ఒకటి ఇస్తే రెండు ఎలా వస్తుందని. "నాన్ లీనియర్" అన్నాను. "అంటే?" అన్నారు. నోరు పెగల్లేదు. తెలుగు మీడియం వాణ్ణి. వెనక ఎవరో నవ్వారు. ఆ రాత్రి ఊరికి వెళ్లిపోదామని బ్యాగు సర్దుకున్నాను.

నిద్ర పట్టక పడుకుంటే మన హాస్టల్ మైకు గుర్తొచ్చింది. జెండా పండుగ నాడు వాల్యూం పెంచితే వార్డెన్ సార్ గొంతు గరగరలాడేది, గుర్తుందా? ఆంప్లిఫైయరు శక్తికి మించితే తరంగం కొసలు తెగిపోతాయి. నున్నని సైన్ తరంగంలో ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఆకారం చెడితే దానికి రెండింతలు, మూడింతలు కొత్తవి పుడతాయి. అవే హార్మోనిక్స్. ఆ గరగర అదే. డయోడ్ కూడా కరెంటును ఒకవైపే పోనిచ్చి ఆకారం మారుస్తుంది. రెండు డయోడ్లు కలిసి తరంగం కింది సగాన్ని కూడా పైకి తిప్పుతాయి. ఒక అల ఉన్నచోట రెండు మూపురాలు! అసలు ఫ్రీక్వెన్సీ పోయి 2, 4, 6 రెట్లు మిగులుతాయి. ట్యూన్డ్ సర్క్యూట్ వాటిలోంచి 2 రెట్లదాన్ని ఏరుకుంటుంది. మైకు సెట్టు గుయ్యిమనే మోత కూడా ఇదే. 50 హెర్ట్జ్ కరెంటు రెక్టిఫైయరులో 100 హెర్ట్జ్ అవుతుంది. ఐదేళ్లు డబ్లర్‌ను చెవులారా విని, పేరు తెలియక తలవంచుకున్నాను!

మర్నాడు బ్యాగు విప్పి ల్యాబుకు వెళ్లాను. తప్పు కూడా దొరికింది. నేను పెట్టినవి 1ఎన్4007 డయోడ్లు. అవి 50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయేవి. ఆగమంటే ఆగడానికే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. 1 మెగాహెర్ట్జ్‌లో ఒక అల మొత్తం ఒక్క మైక్రోసెకనే. నాలుగు నానోసెకన్లలో ఆగే 1ఎన్4148 పెట్టగానే 2 మెగాహెర్ట్జ్ వచ్చింది. ఇలాంటి డబ్లర్‌లో ఇచ్చిన పవర్‌లో నాలుగో వంతుకు మించి రాదు. అయినా ఆ చిన్న తరంగాన్ని చూసి కళ్లు చెమర్చాయి.

మేడమ్ గారికి మైకు కథ తెలుగులోనే చెప్పాను. పూర్తిగా విని, "ఇదే ఇంగ్లిషులో రాసుకురా" అన్నారు. రాశాను, తప్పులు దిద్దించుకున్నాను.

తమ్ముళ్లూ, మనకు తెలియనిది చాలాసార్లు విషయం కాదు, దాని పేరు మాత్రమే. ఎవరైనా నవ్వారని బ్యాగు సర్దుకోకండి. ఒక్క రాత్రి ఆగండి.